నెయిల్ కట్టర్‌తో కోసిన పులిపిరి

రాత్రి పదకొండు దాటింది. ఆ నెయిల్ కట్టర్ సంగతి రాసి పడేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. మా చిన్నోడి చూపుడువేలికి గోరు పక్కన పులిపిరి ఉంది, దాన్ని వాళ్ళ నాన్న కట్టర్‌తో కత్తిరించి, నెత్తురొస్తే దూది అద్ది, కట్టర్‌ని అలాగే డ్రాయర్‌లో పడేశారు. గంట తిరక్కుండా అదే కట్టర్‌తో అత్తయ్య కాలిగోళ్ళు తీసుకుంటున్నారు. షుగర్ ఉన్న మనిషి! అడిగితే "కోసేస్తే పీడ పోయింది కదా" అని సమాధానం.

పీడ పోలేదు, అదే నా గొడవ. పులిపిరి హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) పని. అందులో రెండొందలకు పైగా రకాలున్నాయి, చేతివేళ్ళ మీద గరుకుగా లేచేవి ఎక్కువగా 2, 4, 27, 57 రకాలవి. వైరస్ కాపురం చర్మం పైపొరలో అట్టడుగున ఉండే కణాల్లో. ఆ కణాలు అదుపు తప్పి పెరిగి, పైకి జరిగేకొద్దీ గట్టిపడి గరుకుగా తేలతాయి. కట్టర్‌కి దొరికేది ఆ గట్టిపడ్డ తల మాత్రమే. అడుగున ఉన్నది ఎక్కడికీ పోదు. చుట్టూ మామూలుగా కనిపించే అంచులో కూడా వైరస్ ఉండొచ్చు. నెత్తురొచ్చేలా కోస్తే ఆ పొడి, ఆ తేమ పక్కనున్న చిన్న చిన్న గాట్లలోకి చేరి కొత్తవి మొలుస్తాయి. అదీ రేపో ఎల్లుండో కాదు, చాలాసార్లు రెండు మూడు నెలల తర్వాత. అందుకే దేనివల్ల వచ్చిందో ఎవరికీ గుర్తుండదు, కట్టర్ మీదకి నేరం రాదు.

కోసినచోట నల్లచుక్కలు చూసి "ఇవిగో వేర్లు" అని కూడా అన్నారు. వేర్లూ కావు, విత్తనాలూ కావు. పులిపిరిలోకి సాగిన సన్నటి రక్తనాళాల్లో నెత్తురు గడ్డకడితే అలా నల్లగా కనిపిస్తుంది. ఎంత లోతుగా అనిపించినా పులిపిరి చర్మం పైపొర దాటి కిందికి దిగదు. అందుకే దానంతటది పోయిన పులిపిరికి మచ్చ మిగలదు, తవ్వి తీసినదానికి మిగులుతుంది.

అంటుకుంటుందంటే కూడా నవ్వుతారు. 1907లోనే ఇటలీలో చూఫో అనే డాక్టరు పులిపిరిని నూరి, బ్యాక్టీరియా దూరలేని ఫిల్టరులో వడగట్టి, ఆ ద్రవాన్ని తన చర్మంలోకే ఎక్కించుకుని పులిపిర్లు తెప్పించుకున్నాడు. ఇంతకంటే ఏం రుజువు కావాలో నాకు తెలీదు. పైగా శానిటైజర్ ఎక్కువగా కరిగించేది వైరస్ మీది కొవ్వు పొరని, ఈ వైరస్‌కి ఆ పొరే ఉండదు, కాబట్టి శానిటైజర్ రాసి తుడిచేస్తే సరిపోతుందనుకోవడానికి లేదు. ఆ కట్టర్ ఇక ఇంట్లో ఎవరూ వాడరు, చెత్తబుట్టలో వేసేశాను.

మామయ్య మడమ గుర్తొచ్చింది. అందరూ ఆనికాయ అన్నారు, ఆయనా అదే అనుకుని కార్న్ ప్లాస్టర్లు అంటించుకుంటూ, ఆదివారమైతే బ్లేడుతో చెక్కుకుంటూ కూర్చునేవారు. తేడా కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, మంచి వెలుతురు, ఒక భూతద్దం చాలు. ఆనికాయ మీద చర్మపు గీతలు తెగకుండా సాగిపోతాయి. పులిపిరి దగ్గర గీతలు దాని అంచుదాకా వచ్చి, పక్కకి తప్పుకుని పోతాయి. పైన పలచగా గీకితే ఆనికాయలో గాజులా మెరిసే గట్టి నడిమి బొడిపె కనిపిస్తుంది, పులిపిరిలో నల్లచుక్కలో, చిన్న నెత్తుటి బొట్లో తేలతాయి. ఆనికాయని నేరుగా నొక్కితే ప్రాణం పోతుంది. పులిపిరిని రెండు పక్కల నుంచి వేళ్ళతో పిండితే ఎక్కువ నొప్పి. ఆయనది రెండోది. చెక్కీ చెక్కీ అది ఒకటల్లా గుంపయింది, చిన్న చిన్నవి పక్కపక్కన చేరి అరికాలంతా గచ్చులా పరుచుకుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ ప్లాస్టర్లలో ఉన్నది 40 శాతం శాలిసిలిక్ యాసిడ్. అరికాలి పులిపిరికి వాడేదీ అదే. అంటే మందు సరైనదే, వాడిన తీరే తప్పు. తెల్లగా నానిన చర్మాన్ని రుద్ది తీయకుండా దానిమీదే కొత్తది అంటించేవారు. యాసిడ్ అంతా చచ్చిన చర్మంలోనే ఇంకిపోయింది. నొప్పి తగ్గగానే మానేసేవారు, అది మళ్ళీ పెరిగేది. ఎన్ని చెప్పినా "మందు పనిచెయ్యట్లేదు" అనేవారు.

అలాగని అరికాలి పులిపిరి మాట వినే రకం కూడా కాదు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో 240 మందిని తీసుకుని, సగం మందికి పులిపిరిని గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్, మిగతావాళ్ళకి 50 శాతం శాలిసిలిక్ యాసిడ్ ఇచ్చారు. పన్నెండు వారాలకి పూర్తిగా పోయినవి రెండు వైపులా 14 శాతమే. మైనస్ 196 డిగ్రీలతో కాల్చినా అంతే, రోజూ రాసినా అంతే.

అందుకే చిన్నోడి విషయంలో ఏమీ చెయ్యొద్దనే అంటూ వచ్చాను. పిల్లల్లో మూడింట రెండు వంతుల పులిపిర్లు రెండేళ్ళలోపు వాటంతటవే రాలిపోతాయి. ఒంటికి వైరస్ ఆనవాలు దొరకాలి, అంతే. నొప్పి లేదు, అడ్డం లేదు, ఎందుకు కెలకడం?

ఇంతవరకూ రాసి, మళ్ళీ వెళ్ళి వాడి వేలు చూసొచ్చాను. లేదు, ఇది వదిలేసేది కాదు. గోరు అంచుకి ఆనుకుని ఉంది, వాడు గోళ్ళు కొరుకుతాడు. ఈ రెండూ కలిస్తే పక్కవేళ్ళకి, పెదవులకి ఎక్కుతుంది. గోరు కిందికి పాకితే గోరు లేచిపోతుంది, అప్పుడు మందు రాసే సందు కూడా ఉండదు. అక్కడ ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిద్దామంటే గోరు పుట్టే మూలం దెబ్బతిని జీవితాంతం గీతపడ్డ గోరు మిగిలే ప్రమాదం ఉంది. ఇప్పుడే, చిన్నగా ఉండగానే, యాసిడ్‌తో మొదలుపెట్టాలి. కోసిన గాయం ముందు పూర్తిగా మానాలి, పచ్చిపుండు మీద రాస్తే వాడు మళ్ళీ చెయ్యి ఇవ్వడు.

వేళ్ళకి 17 శాతం శాలిసిలిక్ యాసిడ్ ద్రవం చాలు. లాక్టిక్ యాసిడ్ కలిసి, కొలోడియన్ అనే జిగురు ద్రవంలో ఉండేది అయితే ఆరాక పొరలా అతుక్కుంటుంది. రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో వేలు నానబెట్టాలి. గోళ్ళు రుద్దే అట్టముక్కతో తెల్లగా మెత్తబడ్డ పొర మాత్రం రుద్దాలి, గులాబీ రంగు చర్మం కనిపించగానే ఆపాలి. బాగా తుడిచి, చుట్టూ ఉన్న మంచి చర్మానికి పెట్రోలియం జెల్లీ రాసి, పులిపిరి మీద మాత్రమే ఒక్క చుక్క. ఆరాక టేపు చుట్టాలి. మర్నాడు మళ్ళీ మొదటినుంచి. ఆ అట్టముక్క దీనికి తప్ప దేనికీ వాడకూడదు, మంచి గోళ్ళకి అసలే వద్దు.

జనం చేసే పొరపాటు ఒక్కటే, తొందర. మంట పుట్టి ఎర్రబడితే రెండు మూడు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి గానీ, రెండు వారాలకే సీసా మూల పెట్టేస్తే ఎలా? సీసా మూత సరిగ్గా బిగించక ద్రవం చిక్కబడి తీగలు సాగితే అది ఇక పనికిరాదు. మొహానికి, మర్మాంగాలకి ఈ ద్రవం రాయకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు, కాళ్ళకి రక్తప్రసరణ తగ్గినవాళ్ళు డాక్టరుకి చూపించకుండా కాలికి దీన్ని తాకించనే కూడదు. పుండు పడ్డా తెలియదు, తెలిసేసరికి ముదిరిపోతుంది. అత్తయ్యకి ఇది రేపు గట్టిగానే చెప్పాలి. ఆవిడ మెడ మీద సన్నటి కాడతో వేలాడే మెత్తటి బొడిపెలు ఉన్నాయి, అవి ఈ వైరస్‌వి కావు, వాటికీ ఈ యాసిడ్‌కీ సంబంధమే లేదు. మెడ కాలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

టేపు ఒక్కటే చాలట కదా అని ఒకరు అడిగారు. 2002లో చిన్న పరీక్ష ఒకటి డక్ట్ టేపుదే పైచెయ్యి అన్నమాట నిజమే, తర్వాత చేసినవాటిలో ఆ ఫలితం నిలబడలేదు. నేను చుట్టేది మందు తుడుచుకుపోకుండా, వాడు కొరక్కుండా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేయిస్తే ఇవీ పోతాయా అని ఇంకొకరు. ఆ టీకాలో ఉన్న రకాలు వేరు, చేతివేళ్ళ మీది రకాలు అందులో లేవు.

పెద్దవయసులో ఒక్కటే పులిపిరి గబగబా పెరిగినా, ముట్టుకోకుండానే నెత్తురు కారినా, గోరు కింద మానని పుండులా ఉన్నా ఇంటి వైద్యం జోలికి పోకుండా చర్మ డాక్టరుకి చూపించాలి. కొన్ని క్యాన్సర్లు పులిపిరి వేషంలోనే వస్తాయి.

చిన్నోడిది మాత్రం పన్నెండు వారాలు చూస్తాను. చదునైనంత మాత్రాన మానెయ్యను. భూతద్దంలో నల్లచుక్కలు పోయి, చర్మపు గీతలు ఆ చోటు మీదుగా తెగకుండా కలిసినప్పుడే సీసా మూసేది. అప్పటికీ కలవకపోతే చర్మ డాక్టరు దగ్గరికి, ఆయన ఏ పద్ధతి ఎంచుకున్నా గోరు మూలం సంగతి మాత్రం ముందే అడుగుతాను.