1/48 హరికేన్ అప్‌డేట్: గ్రీన్ పక్కన బ్రౌనా, గ్రేనా

అసెంబ్లీ అయిపోయింది, ప్రైమర్ కూడా కొట్టేశా, రంగుల దగ్గరే ఆగిపోయింది పని. చేస్తున్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం హరికేన్‌కి 48వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్, అందులో మార్క్ టూ సీ, అంటే రెక్కల్లో నాలుగు 20 ఎంఎం ఫిరంగులు ఉండే రకం, 1944లో ఇంఫాల్‌లో అర్జన్ సింగ్ నడిపించిన ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ నంబర్ 1 స్క్వాడ్రన్‌ది. కిట్‌లో వచ్చిన గైడ్‌లో పైన డార్క్ గ్రీన్, ఓషన్ గ్రే వెయ్యమని ఉంది. ఇంగ్లండ్‌లో ఎగిరే వాటికైతే అది కరెక్టే, 1941 ఆగస్టు నుంచి అక్కడి డే ఫైటర్లకి అదే స్కీమ్, కానీ బర్మా అడవుల మీద తిరిగే విమానానికి గ్రే ఎందుకు వేస్తారని డౌటొచ్చి తవ్వడం మొదలెట్టా.

సౌత్ ఈస్ట్ ఏషియా కమాండ్ (బర్మా వైపు యుద్ధం నడిపిన మిత్రపక్షాల కమాండ్) హరికేన్లకి మామూలుగా ఉన్నది పైన డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ (అంటే బ్రౌన్), కింద మీడియం సీ గ్రే. అయితే 'మామూలుగా' అన్న మాట పట్టుకుని ఒక పర్టిక్యులర్ విమానానికి రంగు వేసెయ్యలేం కదా, అందుకే ఫోటోల మీద పడ్డా.

ఫోటోలన్నీ బ్లాక్ అండ్ వైట్, పైగా ఏ ఫిల్మో తెలీకపోతే వాటిని నమ్మలేం. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు ఆనదు, అందుకని ఎరుపు నల్లగా, నీలం బాగా లేతగా వస్తుంది, బ్రౌన్ కూడా ఉన్నదానికంటే ముదురుగా పడుతుంది. పాంక్రొమాటిక్ అయితే అన్ని రంగులూ పట్టుకుంటుంది. ఇది తేల్చడానికి ప్లాస్టిక్ షీట్ ముక్కల మీద గ్రీన్, ఎర్త్, ఓషన్ గ్రే మూడూ కొట్టి, ఎండలో ఫోన్‌తో ఫోటో తీసి, ఒక కాపీ మామూలు బ్లాక్ అండ్ వైట్ చేశా, ఇంకో కాపీలో రెడ్ ఛానెల్ తీసేసి మిగతాది గ్రే చేశా, ఆర్థో ఫిల్మ్‌కి సుమారుగా దగ్గరగా వస్తుంది. రెండిట్లోనూ ఓషన్ గ్రే గ్రీన్ పక్కన కొట్టొచ్చినట్టు కనపడింది, ఎర్త్ మాత్రం గ్రీన్‌లో దాదాపు కలిసిపోయింది. నా రిఫరెన్స్ ఫోటోలో ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో కళ్ళు చిట్లించి వెతుక్కోవాలి, కాబట్టి బ్రౌనే. షేడ్ కరెక్టా కాదా అని కొట్టుకునే ముందు స్కీమ్ ఏదో తేల్చుకోవడం ముఖ్యం అంటాన్నేను, షేడ్ ఎలాగూ ఎండకీ వానకీ మారేదే.

పెయింట్స్ అన్నీ టామియావే. గ్రీన్‌కి ఎక్స్‌ఎఫ్-81, కింద గ్రేకి ఎక్స్‌ఎఫ్-83, ఎర్త్‌కి ఎక్స్‌ఎఫ్-52. ఈ చివరిది నా కంటికి కాస్త ముదురు, తెలుపు కలిపితే గులాబీ ఛాయ కొడుతోంది, అందుకని ఎక్స్‌ఎఫ్-57 బఫ్ కొంచెం కొంచెం కలుపుతూ పోయా, ఇప్పుడు బాగుంది. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ రంగుల పట్టికలోని ఎఫ్‌ఎస్ 30118ని డార్క్ ఎర్త్‌కి దగ్గర నంబర్‌గా అందరూ చెప్తారు, దగ్గరే గానీ అదే కాదు. మాస్కింగ్‌కి, అంటే ఒక రంగు మీద ఇంకోటి పడకుండా, బ్లూటాక్ అనే మెత్తటి బంకముద్దని సన్నగా తాడులా చుట్టి అంచుల మీద పెట్టి మధ్యలో టేప్ వేశా, ఈ స్కేల్‌లో అంచు మరీ మెత్తగా ఉంటే బొమ్మలా కనపడుద్ది.

రౌండెల్స్, అంటే విమానం మీద ఉండే గుండ్రటి గుర్తులు, ఇంకో తలనొప్పి. జపాన్ విమానాల ఎర్ర గుండ్రం అనుకుని సొంతవాళ్ళే కాల్చెయ్యకుండా ఈ కమాండ్‌లో ఎరుపు పూర్తిగా తీసేశారు, బయట ముదురు నీలం, లోపల లేత నీలం, తోక మీద ఫ్లాష్ అనే చారల గుర్తు కూడా అంతే. కిట్‌తో వచ్చిన డెకాల్స్‌లో (అంటించే గుర్తుల్లో) లోపలిది దాదాపు తెల్లగా ఉంది, దాన్ని వాడను, స్టెన్సిల్ కోసి పెయింటే వేస్తా, బయటి నీలంలోనే తెలుపు కలిపి. సైజుకి కొలత ఫోటోలోనే దొరికింది, విమానం సీరియల్ నంబర్ అక్షరాల ఎత్తు 8 అంగుళాలు, అంటే 1/48లో 4.2 మిల్లీమీటర్లు, దాన్ని పట్టుకుని పక్కనున్న రౌండెల్ లెక్కేసుకోవచ్చు, విమానం ఏటవాలుగా ఉన్న ఫోటో అయితే వెడల్పు కాకుండా నిలువు కొలతే తీసుకోండి.

ప్రస్తుతానికి కింద గ్రే, పైన ఎర్త్ ఆరిపోయాయి, గ్రీన్ ఎడమ రెక్క దాకా వచ్చింది. అది అయ్యాక మెరిసే గ్లాస్ వార్నిష్ కోట్ కొట్టి రౌండెల్స్ మొదలుపెడతా, ఎగ్జాస్ట్ మసి మాత్రం ఆఖర్న.