చాచీకి కోపం తెప్పించిన ‘చంద్రకాంత’

దూరదర్శన్‌లో వచ్చిన ‘చంద్రకాంత’ సీరియల్ పేరెత్తితే మా వయసువాళ్లంతా ముందు అందులో విలన్ ఊతపదం ‘యక్కూ’ అంటారు. తర్వాత టైటిల్ పాట రెండు లైన్లు అందుకుంటారు. హిందీ ముక్క రానివాళ్లు కూడా సోనూ నిగమ్ సాగదీసినచోట సాగదీసి మరీ పాడతారు. సరే, కథేంటో చెప్పమనండి. నౌగఢ్ యువరాజు, విజయ్‌గఢ్ యువరాణి, మధ్యలో అడ్డుపడే క్రూర్‌సింగ్, ఇంతవరకూ అందరూ కలుస్తారు. అక్కణ్నుంచి ఎవరి కథ వాళ్లది. ఒకరికి విషకన్య గుర్తు, ఒకరికి ఒకే ముఖంతో ఉన్న ఇద్దరు మనుషులు గుర్తు, మా తమ్ముడికైతే కత్తి దూసినప్పుడల్లా వచ్చే చప్పుడు ఒక్కటే గుర్తు.

ఇది చూసినవాళ్ల మతిమరుపు కాదు. సీరియలే అలాంటిది. నీర్జా గులేరీ తీసిన ఈ సీరియల్ 1994 నుంచి 1996 వరకు వచ్చింది. దీనికి మూలం దేవకీనందన్ ఖత్రీ 1888లో రాసిన హిందీ నవల. కానీ సీరియల్ నడిచేకొద్దీ నవల ఎక్కడో వెనక్కి వెళ్లిపోయింది. చనిపోయినవాళ్లు మళ్లీ ప్రత్యక్షమయ్యేవాళ్లు. ఉన్న రాజ్యాలు చాలక కొత్త రాజ్యాలు వచ్చేవి. ఒక్క ఆదివారం చూడకపోతే వచ్చే ఆదివారం ఎవరు ఎవరో అర్థమయ్యేది కాదు.

నవలకీ సీరియల్‌కీ పొంతన లేదన్న సంగతి నాకు అప్పట్లోనే తెలుసు, అదీ ప్రతివారం కేకలతో సహా. మేము కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా పక్క క్వార్టర్‌లో మిర్జాపూర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం ఉండేది. ఆవిడను మేమంతా చాచీ అనేవాళ్లం. కలర్ టీవీ వాళ్లింట్లోనే ఉంది కాబట్టి ఆదివారం పొద్దున మా బ్లాకు పిల్లలందరం వాళ్ల ముందుగదిలో చాపల మీదే. మా నానమ్మకు మాత్రం కుర్చీ.

చాచీ ఆ నవలను పుట్టింట్లో పెద్దవాళ్లు చదివి వినిపిస్తుండగా వింటూ పెరిగింది. చునార్ కోట ఆవిడ కళ్లారా చూసిన కోట. గంగ ఒడ్డున గుట్ట మీద ఉంటుందని చెప్పేది. కథలో శివదత్ ఏలేది ఆ చునార్‌నే. కాబట్టి ఇది ఆవిడకు వాళ్ల ఊరి కథ, వాళ్లింటి కథ. టీవీలో ఎవరైనా చెయ్యి ఊపగానే పొగ వచ్చి మనిషి మాయమైతే చాచీ పిండి చేతులతోనే వంటింట్లోంచి బయటికొచ్చేది. “యే సబ్ కితాబ్ మే నహీ హై!” (ఇవన్నీ పుస్తకంలో లేవు) అని టీవీ మీద అరిచేది. మళ్లీ మా వైపు తిరిగి, తనకు వచ్చినంత తెలుగులో, “అసలు తేజ్‌సింగ్ మంత్రం చెయ్యడు బిటియా, దిమాగ్ తోటి చేస్తాడు” అనేది. తేజ్‌సింగ్ అంటే కథలో యువరాజుకి స్నేహితుడు, దిమాగ్ అంటే బుర్ర. చిత్రమేంటంటే ఒక్క ఆదివారం కూడా టీవీ కట్టేసింది లేదు. క్రూర్‌సింగ్ వచ్చే సీన్‌కి పొయ్యి మీద కూర మాడినా కదిలేది కాదు.

క్రూర్‌సింగ్‌గా వేసింది అఖిలేంద్ర మిశ్రా. ఆ కనుబొమలు మర్చిపోగలమా! కళ్ల మీద మొదలై కణతల దాకా పైకి లేచిపోయి ఉండేవి. మీసాలు వాటితో పోటీ. ఆయన తల ఒక పక్కకి వంచి, కళ్లు పెద్దవి చేసి, ‘యక్కూ’ అనగానే మా గదంతా ‘యక్కూ’ అని మోగిపోయేది. సోమవారం బళ్లో కాటుకతో నుదుటి మీదికి కనుబొమలు దిద్దుకొచ్చిన పిల్లాణ్ని టీచరు పంపు దగ్గరికి తీసుకెళ్లి కడిగించడం నాకు బాగా గుర్తు. ఆ మాటకు అర్థం ఎవరూ అడగలేదు. సంతోషమొచ్చినా అదే, కోపమొచ్చినా అదే.

నానమ్మ చూసే తీరు వేరు. ఆమెకు హిందీ రాదు, ఎవరినీ అడిగేదీ కాదు. ఒకడు మెడ దగ్గర పట్టుకుని ముఖం మీది తొడుగు లాగేస్తే, లోపల ఇంకో మనిషి బయటపడితే, “నేను ముందే అనుకున్న, వాని నడక చూస్తే తెల్వదా” అనేది. నిజంగానే ఆమె నడక చూసి పట్టేసేది. ఇర్ఫాన్ ఖాన్ బద్రీనాథ్‌గా, సోమ్‌నాథ్‌గా రెండు వేషాలు వేస్తే, మేము బట్టలు చూసి తికమకపడేవాళ్లం. నానమ్మ మాత్రం కళ్లు చూసి ఇద్దర్నీ వేరుగా చెప్పేది. ఆ నటుడు తర్వాత ఎంతవాడయ్యాడో లోకానికి తెలుసు. కాజీపేటలో హిందీ రాని ఒక పెద్దావిడ ఆయన్ని ముందే గుర్తుపట్టిందని నాకిప్పటికీ గర్వం.

అంటే ఆ గదిలో ఒకే సీరియల్‌ని ముగ్గురు మూడు రకాలుగా చూశారన్నమాట. పుస్తకం మనసులో ఉన్నావిడ కోపంతో చూసింది. భాష రానావిడ ముఖాలు చదువుతూ చూసింది. మేము పిల్లలం అరుస్తూ చూశాం. ఈ ముగ్గురిలో చాచీ కోపం ఎంత న్యాయమో నాకు నవల చదివాకే అర్థమైంది.

దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినవాళ్లకి తెలుసు, ఆ హిందీతో నవల చదవగలమన్న ధైర్యం అంత తొందరగా రాదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, అబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో ‘చంద్రకాంత’ కనబడింది. ఇంటికి తెచ్చి తెరిస్తే మొదటి వాక్యమే లోపలికి లాక్కుపోయింది. సాయంత్రం వేళ, నిర్మానుష్యమైన మైదానంలో, గుట్ట కింద ఒక బండ మీద కూర్చుని నౌగఢ్ యువరాజు వీరేంద్రసింగ్, తేజ్‌సింగ్ మాట్లాడుకుంటుంటారు. వర్ణనలు లేవు, పెద్దపెద్ద సమాసాలు లేవు. ఈ నవల చదవడం కోసం ఆ రోజుల్లో చాలామంది పనిగట్టుకుని హిందీ నేర్చుకున్నారని సాహిత్య చరిత్రలో రాస్తారు. నమ్మబుద్ధయింది.

ఇక అసలు విషయం. నవలలో అయ్యార్లు అని ఉంటారు. రాజుల కొలువులో ఉండే గూఢచారులు. వాళ్లకి మంత్రం రాదు. వేషం మార్చడం, గొంతు మార్చడం, మందులు తెలియడం, పాడటం, మైళ్లకు మైళ్లు పరిగెత్తడం, ఇవీ వాళ్ల విద్యలు. నడుముకో సంచి కట్టుకుంటారు. అందులో స్పృహ తప్పించే పొడి, మళ్లీ తెలివి రప్పించడానికి ముక్కు దగ్గర పెట్టే లఖ్‌లఖా, ముఖానికి పూసుకునే రంగులు. శత్రువుని మత్తులో ముంచి, మూటగట్టి, వీపున వేసుకుని అడవిలో పరిగెత్తడం అక్కడ మామూలు పని. చంద్రకాంత చెలికత్తె చపల కూడా ఈ విద్యలో మగవాళ్లకి ఏమాత్రం తీసిపోదు. ఎవరి ముఖం నిజమో, ఎవరిచ్చిన తాంబూలం తినొచ్చో తెలియని టెన్షన్‌తోనే పేజీలు తిరుగుతాయి.

తిలిస్మ్ కూడా అంతే. ఎవరో పాతకాలపు రాజులు నిధిని దాచి, దాని చుట్టూ కట్టిపెట్టిన వింత కట్టడం అది. ఆ శిథిలాల్లో ఒక పెద్ద రాతి కొంగ ఉంటుంది. దగ్గరికెళితే నోరు తెరిచి మనిషిని మింగేస్తుంది. చపలనీ చంద్రకాంతనీ అలాగే మింగేస్తుంది. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ దాని వెనక దెయ్యం లేదు, శాపం లేదు. అడుగు పడే రాయికీ, కొంగ నోటికీ సంబంధం ఉంది. ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన యంత్రం. ఖత్రీ చకియా, నౌగఢ్ అడవుల్లో కాంట్రాక్టు పనులు చేసిన మనిషి. ఆ అడవుల్లో, పాడుబడ్డ కోటల్లో తిరిగి తిరిగి చూసినవాడు. అందుకే ఆయన అద్భుతాలకి తలుపులు, మెట్లు, సొరంగాలు, గొళ్లాలు ఉంటాయి. మనిషి బుర్రకి అందనిదేదీ ఉండదు. 1888లో ఒక కల్పిత కథ ఆ పట్టుదలతో రాయడం చిన్న సంగతి కాదు.

సీరియల్ పోగొట్టింది దీన్నే. పొగ వస్తే చాలు, మనిషి మాయం. అలాంటప్పుడు తేజ్‌సింగ్ తెలివికి పనేముంది? చాచీ “దిమాగ్ తోటి” అని నుదురు కొట్టుకుని చెప్పింది ఇదే. మార్చారని కాదు ఆవిడ బాధ. ఏది మార్చకూడదో దాన్నే మార్చారని. ఈ విషయంలో నేను పూర్తిగా చాచీ వైపే.

అయినా సీరియల్‌ని చెత్త అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. స్క్రిప్ట్ రాసింది హిందీ కథకుడిగా పెద్ద పేరున్న కమలేశ్వర్. నవల విలువ తెలియక చేసిన పని అని ఎలా అనగలం? వందకు పైగా ఎపిసోడ్లు సాగాలి, ప్రతి ఆదివారం ఒక ముడి దగ్గర ఆగాలి. నిజానికి ఆ అలవాటు ఖత్రీదే. ఈ నవల తర్వాత ‘చంద్రకాంత సంతతి’ని ఇరవై నాలుగు భాగాలు రాశాడు. అదీ చాలక ‘భూత్‌నాథ్’ మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1913లో చనిపోతే, కొడుకు దుర్గాప్రసాద్ ఖత్రీ పూర్తిచేశాడు. తరువాతి భాగం ఎప్పుడొస్తుందా అని పాఠకుల్ని ఎదురుచూసేలా చేసిన రచయిత కథ ఆదివారం ఆదివారం సాగిందంటే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

క్రూర్‌సింగ్ విషయంలో అయితే సీరియలే గెలిచిందని నా అభిప్రాయం. నవలలో అతను మంత్రి కొడుకు. చంద్రకాంతను పెళ్లాడి రాజ్యం కొట్టేద్దామనుకుంటాడు, కుదరక చునార్ వెళ్లి శివదత్‌ని ఉసిగొల్పుతాడు. కథకి నిప్పు అంటించేది అతనే గానీ, తర్వాత బరువంతా శివదత్ మీదికి, అతని అయ్యార్ల మీదికి వెళ్లిపోతుంది. సీరియల్‌లో శివదత్‌గా పంకజ్ ధీర్ అంత హుందాగా ఉన్నా మన కళ్లు క్రూర్‌సింగ్‌నే వెతుకుతాయి. ఒక నటుడు ముఖంతో, ఒక్క అర్థం లేని మాటతో, కాగితం మీద లేని మనిషిని పుట్టించాడు. భాష అక్కర్లేకుండా కాజీపేట దాకా, ఆ పైన ఇంకెన్ని ఊళ్ల దాకానో వచ్చేశాడు. పుస్తకం చేయలేని పని అది. ఈ మాట చాచీతో అంటే చపాతీ కర్రతో వచ్చేదేమో గానీ, కూర మాడబెట్టుకుని నిలబడి చూసింది కూడా ఆవిడే.

2017లో రెండు చానళ్లు దాదాపు ఒకేసారి ‘చంద్రకాంత’ను మళ్లీ తీశాయి. గ్రాఫిక్స్ బోలెడు, నగలు ఇంకా బోలెడు. నాలుగైదు ఎపిసోడ్లు చూసి వదిలేశాను. పాతదానిలో ఉన్న తప్పు వీటిలో ఇంకా పెద్దదైంది, పాతదానిలో ఉన్న ముఖాలు మాత్రం లేవు. ఈసారి మా అమ్మాయి పక్కన కూర్చుంది. ఆమెకి ఇదంతా మామూలు మాయాజాలం లాగే కనిపించింది, ఫోన్ తీసుకుని లేచిపోయింది. తప్పు ఆమెది కాదు. కంప్యూటర్‌లో ఏదైనా చేయొచ్చని తెలిసిన పిల్లకి, గాల్లో ఎగిరే మనిషిని చూపిస్తే ఆశ్చర్యం ఎందుకుంటుంది?

మరుసటి వారం ఆమెకి రాతి కొంగ ఘట్టం నేనే తెలుగులో చెప్పాను. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి, అది ఎలా పనిచేస్తుందని అడిగింది. మీట ఎక్కడుంది, మింగినవాళ్లు ఎక్కడ పడతారు, గాలి ఆడుతుందా అని వరసగా ప్రశ్నలు. ఎవరైనా ఈ నవలని మళ్లీ తీస్తే ఆ ఒక్క సీన్ పొగ లేకుండా, గ్రాఫిక్స్ లేకుండా తీయాలని నా కోరిక. నిజంగా రాయిలా బరువుగా కనిపించే కొంగ, అడుగు పడగానే కింద ఎక్కడో గొలుసు కదిలిన చప్పుడు, మెల్లగా తెరుచుకునే ముక్కు. చపల పాత్రకి మంచి నటిని పెట్టి, ఆ కీలు ఎక్కడుందో ఆమె చేత వెతికించాలి, అదీ తొందర లేకుండా, ఎపిసోడ్ అంతా.