ఎముకలోంచి ఇంకో చెంచాడు

బియ్యం సంచి ఎత్తబోయి నడుము పట్టేసిందనుకున్నాను. నాలుగు నెలలు నొప్పి మాత్రలతోనే గడిచిపోయాయి. చివరికి రక్తంలో ఒక రకం ప్రొటీన్ మితిమీరి ఉందని, రెండు వెన్నుపూసలు కుంగాయని తేలింది. జబ్బు పేరు మైలోమా, ఎముక మూలుగలో పుట్టే ఒక రక్త క్యాన్సర్. రక్త క్యాన్సర్‌కూ నా నడుముకూ సంబంధం ఏమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

మేము ఉండేది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో. ఎముకల పరిశోధనకు ఈ ఊరు పాతకాపు. చిన్నపిల్లల కాళ్లు వంకర తిరిగే రికెట్స్ జబ్బు ఆహారలోపం వల్ల వస్తుందని కుక్కపిల్లల మీద ప్రయోగాలతో చూపిన ఎడ్వర్డ్ మెల్లన్బీ ఇక్కడే ఆచార్యుడిగా పనిచేశారు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో మైలోమా ఎముకను ఎలా తినేస్తుందో పరిశోధించే బృందం ఉంది. మూలుగ పరీక్షకు ముందు నర్సు నా చేతికి సమ్మతి పత్రం ఇచ్చింది. పరీక్షకు తీసేది కాక ఇంకో చెంచాడు మూలుగ ఆ బృందానికి ఇస్తారా అని అందులోని ప్రశ్న. ఇవ్వకపోయినా వైద్యంలో తేడా రాదు, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు, నమూనా మీద పేరుకు బదులు ఒక సంఖ్య ఉంటుంది.

రాజమండ్రిలో ఉన్న అమ్మకు ఫోనులో చెబితే, "ఎముకలోంచి తోడేస్తే నీకు ఏమి మిగులుతుందమ్మా?" అంది. మూలుగ మళ్లీ ఊరుతుందని చెప్పాను. బావిలో నీళ్లలాగా అన్న తర్వాతే ఆమె కుదుటపడింది.

మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. తుంటి వెనక ఎముక మీద మత్తు సూది వేశారు. చర్మానికీ ఎముక పైపొరకూ మత్తు ఎక్కుతుంది గానీ లోపలి మూలుగకు ఎక్కదు. సిరంజి లాగినప్పుడు తుంటి నుంచి మడమ దాకా ఎవరో తీగ పట్టి గుంజినట్టయింది. కొద్ది క్షణాలే. డాక్టరు ఆగి, "పరిశోధనకు ఇంకొక్కసారి లాగమంటారా?" అని అడిగారు. సంతకం చేశాను కదా అని ఊరుకోకుండా ఆ క్షణంలో మళ్లీ అడగడం నాకు ఎంతో నచ్చింది. లాగమన్నాను. తర్వాత ఆ గొట్టం చూపించారు. చిక్కటి ఎరుపు, దాని మీద పులుసులో తేలే నూనె బొట్లలా మెరిసే నలుసులు.

కొన్ని నెలలకు బృందం ప్రయోగశాల చూసే అవకాశం వచ్చింది. నాలాంటి వారి మూలుగలోంచి క్యాన్సర్ కణాలకు సూక్ష్మమైన అయస్కాంత పూసలు అంటించి, అయస్కాంతంతో వాటిని విడదీస్తారట. తెర మీద మైలోమా ఉన్న ఒక ఎలుక కాలి ఎముక చూపించారు. చెద పట్టిన వాసంలా ఉంది.

నా ప్రశ్న ఒక్కటే. రక్త పరీక్షలు బాగున్నాయంటున్నారు, మరి ఎముక ఎందుకు పూడలేదు? ఒక యువ పరిశోధకురాలు ఓపికగా చెప్పింది. ఎముకలో తవ్వే కణాలు, కట్టే కణాలు జీవితాంతం జంటగా పనిచేస్తాయి. మైలోమా తవ్వేవాళ్లను రెచ్చగొట్టి, కట్టే మేస్త్రీలను పని మాన్పిస్తుంది. అలా మాన్పించే పదార్థాల్లో డీకేకే-1 ఒకటి. దాని పాత్రను 2003లో అమెరికాలోని ఆర్కన్సా పరిశోధకులు బయటపెట్టారు. క్యాన్సర్ తగ్గినా మేస్త్రీలు వెంటనే పనిలోకి రారు, అందుకే చాలామందిలో గుంతలు అలాగే ఉండిపోతాయి. వాళ్లను తిరిగి పనిలోకి దించే దారి కోసమే ఈ బృందం వెతుకుతోంది. నా చెంచాడు మూలుగ ఎక్కడికి వెళ్లిందో అప్పుడు నాకు తెలిసింది.

ప్రస్తుతం నెలనెలా జోలెడ్రానిక్ యాసిడ్ అనే ఎముకల మందు ఎక్కిస్తున్నారు. మొదలుపెట్టే ముందే పళ్ల డాక్టరు దగ్గరకు పంపారు, ఎందుకంటే ఆ మందు వాడేటప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. అది తవ్వకాన్ని ఆపుతుంది, మేస్త్రీలను మాత్రం లేపదు. మైలోమా రోగుల ఆయుష్షును కూడా ఈ మందు పెంచుతుందని 2010లో ప్రచురించిన బ్రిటన్ పరీక్షలో తేలింది. అందులో 1,960 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో ఒక్కరినీ నేను చూడలేదు. సూది గుచ్చిన ప్రతిసారీ వారినే తలుచుకుంటాను.

నేను మూడు సెంటీమీటర్లు పొట్టి అయ్యాను. పై అరలోని కందిపప్పు డబ్బా ఇప్పుడు మా ఆయన అందిస్తారు. వచ్చే నెల మళ్లీ మూలుగ పరీక్ష ఉంది. ఈసారి కూడా అదనంగా ఇస్తారా అని నర్సు ఫోను చేసి అడిగింది. ఇస్తానన్నాను.