గుంటగలగర నూనె: మూడోసారీ అడుగున నీళ్లే

తలకు కాచే గుంటగలగర నూనె మూడో వాయి కూడా పోయింది! పదకొండో రోజున సీసా మూత తీస్తే పులిసిన గంజి వాసన. పైన ఆకుపచ్చ నూనె తేటగానే ఉంది, అడుగున మాత్రం మురికి నీరు. వంచి కొలిస్తే 22 మిల్లీలీటర్లు.

కొలతలో తప్పు లేదు. అంబాజీపేట గానుగ కొబ్బరినూనె అర లీటరు, ఆకు ముద్ద 125 గ్రాములు, ఆకురసం 2 లీటర్లు. కల్కం, అంటే ఆకు ముద్ద, ఒక వంతుకు నూనె నాలుగు, రసం పదహారు అన్న పాత లెక్కే. చేలగట్ల మీద కలుపు మందు కొడుతున్నారు కాబట్టి దొడ్డి వెనక తడినేలలోదే కోశాను. తెల్లపువ్వుది, అరచేతిలో నలిపితే నల్లబడేదే. సన్నని సెగ మీద 2 గంటల 40 నిమిషాలు కాచాను. దూదివత్తిని నూనెలో ముంచి వెలిగిస్తే చిటపట కూడా లేదు.

మొదట సీసాను అనుమానించాను, కానీ అది రెండు రోజులు ఎండలో ఉంది. తర్వాత ముసురును. గాలి తేమకు 22 మిల్లీలీటర్లు ఎలా వస్తాయి? చివరికి పెద్దమ్మ ఒకటే అడిగింది: "వడకట్టేటప్పుడు ముద్దను పిండావా?"

పిండాను. నూనె వృథా అవుతుందని గట్టిగానే పిండాను.

ఫ్రిజ్‌లో దాచిన పిప్పిని చిటికెడు తీసి మంట మీద పెడితే టపటపమంది. ఇంకో 60 గ్రాములు పెనం మీద వేపితే 43 గ్రాములకు దిగింది. పిండిన తర్వాత కూడా అంత నీరు! వత్తిగా నలిపి వెలిగించాల్సింది ముద్దను, నేనేమో పైనున్న నూనెను పరీక్షించాను. పైగా నురగ అణగగానే దించేశాను. అది నెయ్యి లెక్క. నూనెకు పాకం ముదిరే వేళ నురగ లేస్తుంది.



బజారులో కొన్ని భృంగరాజ (గుంటగలగర) తైలాల లేబుల్ మీద మొదటి పేరే మినరల్ ఆయిల్, అందుకే ఈ తంటా. జుట్టు నల్లబడుతుందా అంటే, నాకు తెలిసింది తల చల్లబడటం వరకే. చెడిన నూనె గేటు బందులకు పోశాను, కిర్రుమనడం ఆగింది.

నాలుగో వాయి పావు లీటరుతోనే. అల్యూమినియం గిన్నె వద్దు, అమ్మమ్మ ఇనుప మూకుడు దించాలి. ముద్దను పిండను, బట్టలో కట్టి రాత్రంతా వేలాడదీస్తాను. అది నిలిస్తే కాలువ గట్టున వావిలి కొమ్మలు కోసుకురావాలి, మోకాళ్ల నూనె కాయమని పెద్దమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.