హనుమకొండలో మా వంటింటి లెక్కల పుస్తకం: జూన్ నుంచి మార్చి దాకా

జూన్

మా ఇంట్లో నలుగురం ఉంటాము: నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మ. వంట నాకు ఎప్పటి నుంచో ఇష్టమైన వ్యాపకం. ఈ ఏడాది దానికి ఒక లెక్కల పుస్తకం జతచేశాను. కొత్త వంటలు నేర్చుకోవడం కోసం కాదు, రోజూ తినే తిండిలో దేనిని పెంచాలో, దేనిని తగ్గించాలో కొలతతో తెలుసుకోవడం కోసం.

కొలతలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవి. ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2000 కిలోకేలరీలు అవసరమయ్యే మనిషికి తృణధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు అని ఉంది. ఇవన్నీ వండక ముందు తూకాలు. వయసును బట్టి, చేసే పనిని బట్టి ఇవి మారుతాయి, కానీ ఇంటి మొత్తానికి సరుకులు తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనిపించలేదు.

ఈ అంకెలను నలుగురికి, ఏడు రోజులకు లెక్కగడితే కూరగాయలే వారానికి 11 కిలోల 200 గ్రాములు కావాలి. మేము బజారు నుంచి తెస్తున్నది అందులో దాదాపు సగం. బియ్యం వైపు చూస్తే తృణధాన్యాలన్నీ కలిపి నలుగురికి నెలకు 30 కిలోలు సరిపోవాలి. మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు ఉన్నవారికి తలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే నలుగురున్న ఇంటికి 24 కిలోలు అక్కడే వచ్చేస్తాయి, ఇక జొన్నలకు, తైదలకు (రాగులకు), గోధుమలకు మిగిలే చోటు 6 కిలోలు మాత్రమే. ఈ లెక్క వేశాక ఎక్కడ మొదలుపెట్టాలో స్పష్టమైంది. అన్నం తగ్గించమని ఎవరికీ చెప్పకుండా, ముందు కూరగాయల సంచి బరువు పెంచాలని నిర్ణయించుకున్నాను. కూర ఎక్కువ ఉంటే అన్నం దానంతట అదే తగ్గుతుందన్నది నా నమ్మకం.

జూలై, ఆగస్టు

రైతు బజారుకు వారానికి ఒక్కసారి కాకుండా రెండుసార్లు వెళ్తున్నాము. పదకొండు కిలోలు ఒకేసారి తెస్తే ఫ్రిజ్‌లో పట్టవు, పట్టినా ఆకుకూర మూడో రోజుకే వాడిపోతుంది. అందుకని ఆలుగడ్డ, ఆనిగెపుకాయ (సొరకాయ), గుమ్మడి, దోస వంటి నిలువ ఉండేవి మొదటి విడతలోనూ, ఆకుకూరలు, బీర, బెండ, చిక్కుడు వంటివి రెండు విడతలలోనూ తెస్తున్నాము. ఆకుకూరను కడగకుండా, వేర్లు కోసేసి, పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి పెడితే ఎక్కువ రోజులు ఉంటుంది. కడగడం ఎప్పుడూ కోయడానికి ముందే జరగాలి. కోసిన తరువాత నీళ్లలో వేస్తే సి విటమిన్, కొన్ని బి విటమిన్లు నీళ్లలోకి పోతాయి.

వానాకాలపు ఆకుకూరకు మట్టి ఎక్కువగా అంటుకొని వస్తుంది కాబట్టి వెడల్పు గిన్నెలో మూడు నీళ్లు మార్చి, ప్రతిసారీ ఆకును పైకి తీసి నీళ్లు పారబోయాలి. నీళ్లను వంచితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకులోకే వస్తుంది. రాత్రి భోజనం తరువాత అందరం కూర్చొని ఆకు తెంపడం ఇప్పుడు ఇంట్లో ఒక పద్ధతిగా కుదిరింది. తెల్లవారి హడావిడిలో ఆకుకూర వండకపోవడానికి అసలు కారణం రుచి కాదు, తెంపే తీరిక లేకపోవడమే. ఆ పని ముందు రాత్రికి జరిగితే తోటకూర పప్పు పదిహేను నిమిషాలలో అయిపోతుంది.

పుంటికూర, పాలకూర, మెంతికూర, బచ్చలి సరే, ఈ కాలంలో గంగవాయిలి కూర కూడా దొరుకుతుంది. చేన్లలో దానంతట అదే మొలిచే ఈ పుల్లని కూరలో ఒమేగా-3 రకం కొవ్వు కొంత ఉంటుంది. పెసరపప్పుతో వండితే మా అమ్మాయి కూడా వద్దనలేదు. అయితే పాలకూరలో, గంగవాయిలిలో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి, మూత్రపిండాలలో రాళ్లు వచ్చినవారు వైద్యుడిని అడిగి తినడం మంచిది.

సాయంత్రపు తిండి విషయంలో ఈ రెండు నెలలూ చాలా సాయపడ్డాయి. మక్క కంకులు దొరికే కాలం కావడంతో బిస్కెట్ల డబ్బా కొనడం మానేసి గుడాలు మొదలుపెట్టాము. ఒక రోజు మక్కలు, ఒక రోజు శనగలు, ఒక రోజు బెబ్బెర్లు, ఒక రోజు పెసర్లు. శనగలు రాత్రంతా నానాలి, బెబ్బెర్లకు ఐదారు గంటలు, పెసర్లకు నాలుగు గంటలు చాలు. నలుగురికి కలిపి గ్లాసుడు గింజలు నానబెడితే సరిపోతాయి. ఉడికిన గుడాలకు ఒక్క టీస్పూను నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపి, దించిన తరువాత నిమ్మకాయ పిండుతాము. ఆ నిమ్మరసం రుచి కోసమే కాదు. గింజలలోని ఇనుము మన ఒంటికి సరిగా పట్టడానికి సి విటమిన్ తోడ్పడుతుంది. అదే సమయంలో చాయ తాగితే అందులోని టానిన్లు ఆ ఇనుమును పట్టనివ్వవు. భోజనానికి ముందు, తరువాత కనీసం గంట వరకు చాయ, కాఫీ వద్దని ఆ మార్గదర్శకాలలోనే ఉంది. అందుకని మా ఇంట్లో చాయ నాలుగింటికి, గుడాలు ఐదున్నరకు అయ్యాయి. ఈ చిన్న మార్పు మా అమ్మాయి వయసు ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ జరగాలని నేను నిజంగా కోరుకుంటున్నాను, ఎందుకంటే రక్తహీనత మన దేశంలో ఆ వయసువారిలో కూడా ఎక్కువగా కనిపిస్తోంది.

సెప్టెంబర్

జొన్నల నెల. పాలిష్ పట్టిన బియ్యంలో నూరు గ్రాములకు పీచు మూడు గ్రాములకు లోపే ఉంటుంది, జొన్నలలో దాదాపు పది గ్రాములు ఉంటుంది. రాత్రి భోజనంలో వారానికి మూడు పూటలు జొన్న రొట్టె అనుకున్నాము.

పిండి విషయంలో ఒక్కటే సూత్రం: తక్కువ పట్టించాలి, తాజాగా పట్టించాలి. గిర్నిలో రెండు కిలోలకు మించి వేయించడం లేదు. నిలువ పిండి కొంచెం చేదెక్కుతుంది, రొట్టె అంచులు పగులుతాయి. జొన్నలో గోధుమలాగా సాగే గుణం లేదు కాబట్టి చల్లని నీళ్లతో తడిపితే ముద్ద నిలువదు. నీళ్లు బాగా మరిగించి, చిటికెడు ఉప్పు వేసి, పిండి మీద పోసి గరిటెతో కలిపి మూతపెట్టాలి, చేయి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో ఐదు నిమిషాలు గట్టిగా మర్దించాలి. అప్పుడు పీట మీద పొడి పిండి చల్లి చేత్తో కొడితే రొట్టె గుండ్రంగా పలుచబడుతుంది. పెనం మీద వేశాక పై వైపు తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరుతున్నప్పుడే తిప్పాలి. రెండో వైపు బాగా కాలిన తరువాత మళ్లీ తిప్పి అంచులు అదిమితే పొంగుతుంది. నూనె చుక్క అవసరం లేదు.

మా అమ్మకు పళ్లతో నమలడం కష్టం కాబట్టి ఆమెకు గటక వండుతున్నాను. జొన్నలను రవ్వగా పట్టించి, ఒక వంతు రవ్వకు నాలుగు వంతుల నీళ్లు మరిగించి, ఉండలు కట్టకుండా కలుపుతూ చిన్న మంట మీద మెత్తగా అయ్యే వరకు ఉడికించాలి. పచ్చిపులుసుతో గానీ మజ్జిగతో గానీ తింటారు. కొత్త అలవాటు అని నేను సంజాయిషీ చెప్పబోతే, "గటక తిని పెరిగినోళ్లమే గదా బిడ్డా, నాకు కొత్తేమున్నది" అన్నది అమ్మ. ఆమె చిన్నతనంలో మా ఊరి వైపు వరి అన్నం పండుగ పూట వండేదే గానీ రోజూ ఉండేది కాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. జొన్న అయినా కొర్ర అయినా పిండిపదార్థమే. చక్కెర వ్యాధి ఉన్నవారు చిరుధాన్యం కదా అని ఎంతైనా తినవచ్చని అనుకోకూడదు. కొలత బియ్యానికి ఎంత అవసరమో దీనికీ అంతే అవసరం, మందులు వాడుతున్నవారు వైద్యుడి సలహాతోనే మార్పులు చేసుకోవాలి.

అక్టోబర్, నవంబర్

బతుకమ్మ రోజులలో లెక్క పుస్తకం మూసి ఉంచాను. మలీద ముద్దలు, సద్దుల బతుకమ్మ నాటి సద్దులు పండుగలో భాగం, వాటిని తూకం వేయడం నాకు నచ్చదు. నిజానికి నువ్వులు, పల్లీలు కలిపే ఆ సద్దులలో మనం మిగతా ఏడాదంతా తక్కువగా తినే గింజలే ఉన్నాయి. పండుగ తరువాత ఆ గింజలను రోజువారీ తిండిలోకి తేవడానికి పొడి దారి దొరికింది. వేయించిన నువ్వులు, అవిసెలు, పల్లీలు, ఎండుమిర్చి, ఎల్లిపాయ, కొంచెం చింతపండు కలిపి దంచి, అన్నంలో మొదటి ముద్దకు ఊరగాయకు బదులుగా పెడుతున్నాము. కారానికి మన వరంగల్ చపాటా మిర్చి వాడితే మంచి ఎరుపు వస్తుంది, ఘాటు తక్కువగా ఉంటుంది. ఆ మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఊరగాయ తగ్గించడానికి కారణం ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలి, అంటే దాదాపు ఒక టీస్పూను. నలుగురికి రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఊరగాయలో, అప్పడాలలో, బయటి చిరుతిండిలో ఉండే ఉప్పును కూడా కలుపుకుంటే ప్యాకెట్ ఇంకా ఎక్కువ రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీని దాని మీదే పెన్నుతో రాస్తున్నాము. నూనె డబ్బాకూ అదే పద్ధతి. నలుగురికి నెలకు 3.5 లీటర్లు హద్దు, రోజుకైతే ఎనిమిది పెద్ద చెంచాలకు కొంచెం తక్కువ. డబ్బా వంచి పోయడం మాని చెంచాతో పోస్తే చేయి దానంతట అదే అదుపులోకి వస్తుంది.

జనవరి

సంక్రాంతికి సకినాలు చేశాము, కానీ ఒక సోలెడు బియ్యపు పిండితోనే. పండుగ గడిచాక ఎక్కువ ధ్యాస సర్వపిండి మీద పెట్టాను. మా వైపు దీనిని గిన్నప్ప అని కూడా అంటారు. ఇది వేపుడు కాదు, గిన్నె అడుగున ఒత్తి మూతపెట్టి కాల్చేది కాబట్టి నూనె తక్కువతోనే మంచి రుచి వస్తుంది. నేను సగం బియ్యపు పిండి, సగం జొన్నపిండి తీసుకొని, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లికాడలు, కరివేపాకు, కోరిన ఆనిగెపుకాయ కలుపుతున్నాను. ఆనిగెపుకాయ నీళ్లు వదులుతుంది కాబట్టి ముందుగా కాయ తురుమునే పిండిలో కలిపి, తరువాతే అవసరమైనన్ని వేడి నీళ్లు చల్లాలి. గిన్నెకు ఒక టీస్పూను నూనె రాసి, పిండిని పలుచగా ఒత్తి, మధ్యలో వేలితో నాలుగైదు రంధ్రాలు చేసి, చిన్న మంట మీద పది, పన్నెండు నిమిషాలు ఉంచితే అడుగు కరకరలాడుతుంది. గిన్నె పూర్తిగా చల్లారాకనే రెండోది ఒత్తాలి, లేకపోతే పిండి చేతికే అంటుకుంటుంది. రెండు గిన్నెలు ఉంటే పని త్వరగా సాగుతుంది. పెరుగుతో తింటే ఇదే పొద్దటి ఫలహారం. మా అమ్మాయి కాలేజీ డబ్బాలో ఇప్పుడు ఎక్కువగా వెళ్తున్నది ఇదే.

ఫిబ్రవరి

చక్కెర. చాయలో పావు చెంచా చొప్పున తగ్గిస్తూ వచ్చాము, ఒక్కసారిగా తగ్గిస్తే ఎవరూ తాగరు. చక్కెరకు బదులు బెల్లం వేస్తే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. మేడారం నుంచి తెచ్చుకున్న బంగారాన్ని, అంటే అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని, మేము కళ్లకద్దుకొని తింటాము, అది వేరే విషయం. కానీ రోజువారీ చాయలో బెల్లమైనా చక్కెర కిందే లెక్క వేయాలి.

మార్చి

ఎండలు మొదలయ్యాయి కాబట్టి తైదల అంబలి ప్రారంభించాము. తైదలలో నూరు గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉన్నది దానితో పోల్చదగినదే కాదు. నాలుగు పెద్ద చెంచాల పిండిని చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న లీటరు నీళ్లలో పోసి, పచ్చి వాసన పోయే వరకు ఉడికించి, రాత్రంతా మూతపెట్టి ఉంచుతాము. పొద్దున కొంచెం పులిసిన ఆ జావలో పలుచని మజ్జిగ, ఉల్లిగడ్డ ముక్కలు, వేయించిన జీలకర్ర పొడి కలుపుతాము. ఉప్పు వేయకపోయినా మజ్జిగ పులుపుతో సరిపోతుంది.

ఈ నెల చివరి తూకం ఇలా ఉంది. కూరగాయల సంచి వారానికి తొమ్మిదిన్నర కిలోల దగ్గరికి వచ్చింది, లక్ష్యానికి ఇంకా కొంత దూరం. బియ్యం నెలకు ఇరవై కిలోలకు తగ్గింది, జొన్నలు, తైదలు కలిపి ఏడు కిలోలు అవుతున్నాయి. నూనె హద్దులోనే ఉంది. పండ్లు మాత్రం తలకు 100 గ్రాములు రావడం లేదు. చలికాలంలో జామకాయలు, రేగుపండ్లు ఉన్నన్నాళ్లు లెక్క సరిపోయింది, అవి తగ్గగానే పడిపోయింది. ఏప్రిల్‌లో ఖర్బూజ, పుచ్చకాయ, ఆ తరువాత మామిడి వస్తాయి. పండ్లను భోజనం తరువాత కాకుండా పదకొండు గంటలకు, గుడాలలాగే ఒక నిర్ణీత వేళకు కోసి పెట్టాలని అనుకుంటున్నాము. ఆ వేళకు ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే కాబట్టి, మిగతా ముగ్గురి డబ్బాలలో పండు పెట్టే బాధ్యత నాది.