కోకాపేటలో వాన నీళ్లు ఎటు పోతాయి?

వనపర్తి బస్సు హైదరాబాదులో ఎంజీబీఎస్ బస్టాండ్ చేరేముందు ఆరాంఘర్‌లో ఆగుతుంది. అక్కడే దిగితే బండి మీద వచ్చి తీసుకెళ్తానని మా తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వినలేదు. ఎంజీబీఎస్ దాకా పోయి, మెట్రో ఎక్కి, ఊరంతా పైనుంచి చూసుకుంటూ రాయదుర్గం వస్తానన్నాను. "అక్కా, ఫ్లాట్ చూడనీకె వస్తున్నవా, టూరుకు వస్తున్నవా?" అని నవ్వాడు. రెండూ అనుకో అన్నాను. బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, ఆ మిగిలిన డబ్బుతో మెట్రో ఎక్కానని లెక్క చెప్పుకున్నాను.

అసలు సంగతేమిటంటే వాడూ మా మరదలూ కోకాపేట, నార్సింగి వైపు అపార్ట్‌మెంట్ కోసం తిరుగుతున్నారు. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. చెరువు కట్టలు, తూములు, అలుగులు చూసుకునే పని. ముప్ఫై, నలభై అంతస్తుల భవనాల గురించి నాకేం తెలుస్తుందని అడిగితే, "సిమెంటు పని సిమెంటు పనే కదా వదినా" అంది మరదలు.

అమీర్‌పేటలో మారి నీలం లైను ఎక్కితే ఊరు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. యూసుఫ్‌గూడ దాకా నాలుగైదు అంతస్తుల ఇళ్లు, వాటి మీద నల్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక చెట్లు, పెద్ద పెద్ద ఇళ్లు, మధ్యలో అక్కడక్కడా మిగిలిన బండలు. మాదాపూర్ నుంచి అంతా అద్దాలే. దుర్గం చెరువు పేరుతో స్టేషన్ కూడా ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువు అది. ఇప్పుడు దాని పేరు చెప్తే జనానికి 2020లో తెరిచిన తీగల వంతెన, దాని మీద రాత్రిపూట లైట్లు గుర్తొస్తాయి. ఆ తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. 1998లో వాజ్‌పేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు పేపర్లో ఫొటో చూసి మా ఊళ్లో అందరం నోరెళ్లబెట్టాం. ఇప్పుడు చుట్టుపక్కల భవనాల మధ్య అది పొట్టిగా ఉంది.

రాయదుర్గంతో లైను అయిపోతుంది. మెట్రో 2017 నవంబర్‌లో మొదలైతే, ఇక్కడిదాకా రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఇక్కడి నుంచి కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ దాకా 11.6 కిలోమీటర్లు పొడిగించాలన్న ప్రతిపాదన 2024లో కేంద్రానికి వెళ్లింది. వెళ్లింది అంతే. అమ్మేవాళ్లు మాత్రం ఆ గీతను అప్పుడే బ్రోచర్‌లో రంగు వేసి చూపిస్తున్నారు.

తమ్ముడి బండి మీద ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాటుతుంటే నేను మాట్లాడటం మానేశాను. దుమ్ము. ముందొక రెడీమిక్స్ లారీ, వెనకొకటి. ఎటు చూసినా టవర్ క్రేన్లు. ఇంత ఎత్తు ఎందుకు కడుతున్నారని అడిగితే "డిమాండ్ అక్కా" అంటాడు తమ్ముడు. డిమాండ్ ముంబయిలో లేదా, బెంగళూరులో లేదా? అక్కడ స్థలం ఎంతుంటే దానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంది. మన దగ్గర 2006లో వచ్చిన జీవో 86తో ఆ పరిమితి పోయింది. ఎదురుగా రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, ముఖ్యంగా ఈ రెండే ఎత్తును తేలుస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకొంచెం ఖాళీ వదలాలి. అందుకే ఔటర్ రింగు రోడ్డు పక్కన, వెడల్పాటి కొత్త రోడ్ల పక్కన సన్నగా, పొడుగ్గా లేస్తున్నాయి. పాతబస్తీ గల్లీలో ఇది కుదరదు.

ఇంకో కారణం భూమి ధర. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నియోపోలిస్‌లో ప్లాట్లు వేలం వేస్తే ఒకటి ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఎకరానికి 4840 గజాలు కదా, గజం రెండు లక్షల ఎనిమిది వేలు పైమాటే. ఈ లెక్క నేను బండి వెనక కూర్చుని ఫోన్లో వేసి తమ్ముడికి వినిపించాను. వాడు అద్దంలో నా మొహం చూసి బండి స్పీడు పెంచాడు.

మేం చూడాల్సిన సైటు పక్కనే ఇంకో సైటులో సెల్లార్ గుంత తవ్వుతున్నారు. ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే. రేకుల కంచె సందులోంచి చూస్తే కింద మనుషులు చీమల్లా ఉన్నారు. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద ఇక గట్టి బండ. హైదరాబాదు కింద ఉన్న ఈ గ్రానైట్ రాయి దాదాపు 250 కోట్ల ఏళ్లనాటిదని చెప్తారు. ఎంత బరువైనా మోస్తుంది కాబట్టి పునాదికి ఇంతకంటే మంచి నేల దొరకదు. కానీ నాలుగైదు సెల్లార్లు కావాలంటే దాన్ని పగలగొట్టాలి. వరసగా డ్రిల్లు వేసి, మందు పెట్టి, పైన ఇసుక బస్తాలు కప్పుతారు. మేం ఉండగానే విజిల్ ఊదారు. సెక్యూరిటీ అబ్బాయి మమ్మల్ని రోడ్డు అవతలికి పంపించాడు. కాళ్ల కింద నేల ఒకసారి అదిరింది, అంతే. చప్పుడు కంటే ఆ అదురే ఎక్కువ. పగిలిన రాయి లారీలెక్కి క్రషర్‌కు పోతుంది, కంకరగా మారి ఇంకో స్లాబులోకి వస్తుంది. గుట్ట ఉన్నచోట గుంత.

మొరం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. మా పనిలో రోజూ చూసేదే ఇది. గట్టి రాయి నీళ్లను పట్టుకోలేదు, పగుళ్లలో ఉన్నదే నీళ్లు. వాన నీళ్లు ఇంకేది, నిలిచేది పైనున్న ఆ మొరం పొరలోనే. సెల్లార్ కోసం ఆ పొరను మొత్తంగా ఎత్తేస్తున్నారు. ఆ గుంత మూలలో రెండు మోటార్లు నడుస్తున్నాయి, ఊరిన నీళ్లను తోడి బయటి కాలువలోకి వదులుతున్నాయి. గేటు దగ్గర మాత్రం లేబర్ వాడకం కోసం నీళ్ల ట్యాంకర్ లోపలికి వస్తోంది. ఒక పైపు బయటికి, ఒక ట్యాంకర్ లోపలికి! తమ్ముడికి చూపిస్తే ఫొటో తీసుకున్నాడు.

సేల్స్ ఆఫీసులో చల్లగా ఉంది. మంచి కాఫీ ఇచ్చారు. అబ్బాయికి పాతికేళ్లుంటాయి, మాటకారి. మోడల్ ఫ్లాట్ చూపించాడు, తూర్పు ఫేసింగ్, పూజగది, బాల్కనీలోంచి గండిపేట కనిపిస్తుందన్నాడు. గోడ మీద వేలితో కొట్టి చూశాను. ఇటుక కాదు, అంతా కాంక్రీటే. అల్యూమినియం షట్టరింగ్ బిగించి గోడలూ స్లాబూ ఒకేసారి పోస్తారు, వారం పది రోజులకో అంతస్తు లేచిపోతుంది. మైవాన్ అంటారు దీన్ని. గట్టిగా ఉంటుంది, కానీ రేపు ఇక్కడో తలుపు తీద్దాం, అక్కడో అల్మారా గూడు పెడదాం అంటే కుదరదు. మరదలు గూడు గురించే అడగబోయి ఆగిపోయింది.

"మా ప్రాజెక్టులో ఎనభై శాతం ఓపెన్ స్పేస్ మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి గర్వంగా. నమూనాలో టవర్ల మధ్య పచ్చగా లాన్, ఈతకొలను, నడిచే దారి. ఆ లాన్ కింద ఏముంది బాబూ అని అడిగాను. పార్కింగ్ అన్నాడు. అంటే అది సెల్లార్ కప్పు. కప్పు మీద మట్టి పోసి గడ్డి వేశారు. ఆ పచ్చదనం మీద పడిన వాన చుక్క భూమిలోకి పోయే దారే లేదు, పైపులోకి పోవాల్సిందే. ఇంకుడు గుంతలు ఉన్నాయన్నాడు, నిజమే, ప్లాన్‌లో అంచున చిన్న చిన్న సున్నాలు చుట్టి ఉన్నాయి. ఇన్ని ఎకరాల కప్పు మీద పడిన నీళ్లు ఆ సున్నాల్లో పడతాయా అని మాత్రం నాకు అనుమానం. వాన పొంగితే ఎటు పోతుంది, ఏ నాలాలో కలుస్తుంది అంటే "స్టార్మ్ వాటర్ లైన్ ఉంటది మేడమ్" అన్నాడు. ఆ లైను ఎక్కడ తేలుతుందో అతనికి తెలియదు. అతని తప్పు లేదు, ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. మంచినీళ్ల కనెక్షన్ గురించి అడిగితే హ్యాండోవర్ నాటికి వచ్చేస్తుందన్నాడు. యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా, ఎన్ని గజాలు వస్తుందంటే కాగితం చూసి చెప్తానన్నాడు. ఇన్ని వందల కుటుంబాలు పంచుకున్నాక ఒక్కొక్కరికి మిగిలే భూమి ఒక్కోసారి మా వంటిల్లంత కూడా ఉండదు.

బయట టీ బండి దగ్గర ఒకామె తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. మాట వినగానే మా వైపని తెలిసిపోయింది. మక్తల్ దగ్గర పల్లె. "మా అత్తమామలు బొంబాయి పోయెటోళ్లక్కా, మేము ఈడికి వచ్చినం" అంది. పాలమూరు కూలీలు కట్టని డ్యాములు, రోడ్లు దేశంలో తక్కువ. ఈ టవర్ల మీద మాత్రం ఎక్కువమంది బీహార్, జార్ఖండ్, ఒడిశా పిల్లలే. "అల్యూమినియం పని వాళ్లకే వస్తది. మాకు ఊడ్చుడు, నీళ్లు కొట్టుడు." ఉండేది రేకుల షెడ్డు, సైటు వెనకే. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చు పెట్టాలని 1996లోనే చట్టం వచ్చింది. ఆ నిధిలోంచి సాయం అందాలంటే పేరు నమోదై ఉండాలి. కార్డు ఉందా అని అడిగాను. "గుంపు మేస్త్రీ ఇప్పిస్తనన్నడు" అంది. ఎన్నాళ్లయిందో అడగబుద్ధి కాలేదు. మరదలు ఆమె టీ డబ్బులు కూడా ఇచ్చేసింది.

అక్కడి నుంచి గండిపేట దగ్గరే. బాల్కనీలోంచి కనిపిస్తుందన్న ఆ నీళ్లను దగ్గర నుంచే చూద్దామని నేనే పట్టుబట్టాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగితే, ఊరికి ఎగువనే నదిని ఆపండన్నాడు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ అనే ఈ గండిపేట, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవే తర్వాత ఊరి దాహమూ తీర్చాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు. వీటి చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దని 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ జీవో 69 వచ్చింది.

కృష్ణ, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తున్నాయి కదా, ఇంక ఈ చెరువులెందుకు అని వాదించేవాళ్లున్నారు. వాళ్లకు 2025 సెప్టెంబర్ చివరి వారం గుర్తు చేయాలి. రెండు జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకే నీళ్లొచ్చాయి, ప్రయాణికులు రాత్రి బస్టాండ్‌లో చిక్కుకుపోయారు. ఎగువన నేల నీళ్లు తాగడం మానేస్తే చెరువులోకి వరద త్వరగా వచ్చి పడుతుంది, గేట్లు త్వరగా ఎత్తాల్సి వస్తుంది. దీనికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. మా ఊళ్లో చెరువు నీళ్లు వదిలే నీరటికాడు ఎవరైనా చెప్తాడు.

తమ్ముడు కట్ట మీద నిలబడి ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో, బఫర్ అంటే ఏమిటో అడిగాడు. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి, అదే బఫర్. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాక ఈ మాటలు అందరి నోళ్లలోకీ వచ్చాయి. అంతకుముందు శిఖం (చెరువు ముంపు) భూమి అంటే పట్వారీకీ, మాకూ తప్ప ఎవరికీ పట్టేది కాదు. కొనేముందు మ్యాప్‌లో ఆ గీత చూసుకోమని చెప్పాను. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా నంబరు ఉందంటే చెరువు దూరంగా ఉన్నట్టేనని అనుకోవద్దని కూడా చెప్పాను. అనుమతులు రాకముందే ప్రీలాంచ్ అని తక్కువ ధరకు ఇస్తామనేవాళ్ల జోలికి అసలే వెళ్లొద్దన్నాను. తాము అప్పటికే ఒకచోట టోకెన్ ఇవ్వబోయి ఆగామని మరదలు మెల్లగా బయటపెట్టింది.

నన్నడిగితే ఎత్తు మీద నాకు కోపం లేదు. ఇంతమంది పల్లెల నుంచి వచ్చి పడుతుంటే ఎక్కడో ఒకచోట ఉండాలి, అడ్డంగా పరచుకుంటూ షాద్‌నగర్ దాకా పొలాలు మింగేకంటే నిలువుగా కట్టడమే నయం. కట్టేవాళ్లు ఎన్ని అంతస్తులో చెప్పినంత సులువుగా, పడిన వాన ఎక్కడికి పోతుందో, వాడిన మురుగు ఎక్కడికి చేరుతుందో కూడా చెప్పగలగాలి. కొనేవాళ్లు అడగాలి.

రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కూర్చుని సేల్స్ అబ్బాయికి వాట్సాప్‌లో ప్రశ్నలు రాసి పంపాం. వాన నీళ్ల లైను ఏ నాలాలో కలుస్తుంది, జలమండలి కనెక్షన్‌కు అనుమతి కాగితం ఉందా, యూడీఎస్ ఎన్ని గజాలు. వెంటనే రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఐదు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది: "సార్, ఆదివారం దాకా బుక్ చేసుకుంటే మాడ్యులర్ కిచెన్ ఫ్రీ." మరదలు ఫోన్ తీసుకుని, అవే ప్రశ్నలు మళ్లీ కాపీ చేసి పంపింది.