రెండో తలుపు తాళం

"మీ దేశంలో ఇలాగే పెడతారేమో, ఇక్కడ కుదరదు."

రియాద్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో ఫైర్ సేఫ్టీ ఆఫీసర్ మొన్న నన్నన్న మాట ఇది. ఆపరేషన్ థియేటర్ల వెనక వరండాలో ఎమర్జెన్సీ తలుపుకు అడ్డంగా ఎవరో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషను వదిలేసి పోయారు. అది పెట్టింది నేను కాదు. ఆ టైంలో పక్కన కనబడ్డ ఇండియా మనిషిని, అంతే. మిషను పక్కకు తోశాను గానీ "మీ దేశంలో" అన్న మాట మాత్రం మింగుడు పడడం లేదు.

మాది అచ్చంపేట వైపు. ఇక్కడికి రాకముందు మహబూబ్‌నగర్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌గా చేశాను. అగ్నిప్రమాదం అంటే ఏమిటో మా వైపు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో మంటలు లేచి 9 మంది చనిపోయారు. భూమి లోపల పొగకు చిక్కుకుని పోయారు, అదీ మంటలు ఆర్పబోయి. అలాంటి మనుషులున్న చోటు నుంచి వచ్చినవాణ్ని పట్టుకుని నిర్లక్ష్యం గురించి చెబితే కోపం రాదా?

అయితే ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చింది నచ్చిందనే చెప్పాలి. ఆపరేషన్ థియేటర్‌లో మంట రావడానికి కావలసినవన్నీ పేషెంటు ఒంటిమీదే ఉంటాయి. ఒళ్లు తుడిచిన స్పిరిట్ మందు, పైన కప్పిన డ్రేప్స్, ముక్కు దగ్గర ఆక్సిజన్, సర్జన్ చేతిలో కరెంటు వేడితో కోసే కాటరీ. స్పిరిట్ కలిసిన మందు పూశాక కనీసం 3 నిమిషాలు ఆరనివ్వాలి, వెంట్రుకలున్న చోటైతే ఇంకా చాలాసేపు పడుతుంది. నడుం కిందికి కారి గుడ్డలో ఇంకితే ఆ గుడ్డ తీసేయాలి. పేషెంటుకు ఆక్సిజన్ మాస్కు పెట్టి చేసే ముఖం, మెడ ఆపరేషన్లలో ఆక్సిజన్‌ను వీలైనంత వరకు 30 శాతం లోపే ఉంచుతారు. మామూలు గాలిలో ఉండేది 21 శాతం. ఇవన్నీ మన దగ్గరా చదువుకున్నవే. తేడా ఎక్కడంటే, ఇక్కడ మొన్నమొన్న చేరిన నర్సు గడియారం చూసి "ఇంకా ఆరలేదు డాక్టర్" అంటుంది. ఎంత పెద్ద సర్జన్ అయినా కాటరీ కింద పెట్టి ఆగుతాడు. మన దగ్గర సిస్టర్లకు తెలియకనా? బయట ఇంకో నాలుగు కేసులు కాచుకుని ఉంటే పెద్ద సార్‌ను ఆపే ధైర్యం ఎవరికుంటుంది?

ఫైర్ డ్రిల్‌లో ఎవరి పని వాళ్లకు రాసిపెట్టి ఉంటుంది. డ్రేప్స్ అంటుకుంటే వెంటనే లాగి నేలమీద పడేయాలి, సెలైన్ పోయాలి. గది వదలాల్సి వస్తే సర్జన్ కోసిన చోట తడిపిన గాజుగుడ్డలు కుక్కి కప్పేస్తాడు. మత్తు డాక్టర్ పేషెంటును మత్తు మిషను నుంచి విడదీసి, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు చేతిలోకి తీసుకుంటాడు. నేను వైర్లన్నీ పీకి టేబుల్ బ్రేకులు వదలాలి. ఆక్సిజన్ వాల్వ్ వరండా గోడలో ఉంటుంది. దాన్ని మత్తు డాక్టర్ చెప్పాకే మూసేయాలి, ఎందుకంటే ఆ లైను మీద ఇంకెవరు ఊపిరి తీసుకుంటున్నారో ఆయన ముందు చూసుకోవాలి. తర్వాత మెట్ల వైపు పోము. అదే అంతస్తులో ఫైర్ డోర్ దాటి అవతలి భాగానికి పోతాం. తలుపు మూసుకుంటే పొగ ఇవతలే ఆగుతుంది.

మా పాత ఆసుపత్రిలో అవతలి భాగం అంటూ లేదు. షాపుల కోసం కట్టిన బిల్డింగ్, ఒకటే మెట్లదారి, మలుపు దగ్గర స్ట్రెచర్ తిరగదు. కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడల్లా పేషెంటును దుప్పట్లో వేసి నాలుగు మూలలు పట్టుకుని దించేవాళ్లం. తలవైపు ఒకరు ఆక్సిజన్ సిలిండర్ మోస్తూ వచ్చేవారు. ఇక్కడ బెల్టులున్న షీటు చూపించి అదే నేర్పుతుంటే, ఇది నేను ఏళ్లుగా నిజం పేషెంట్లతో చేసిన పనే అని చెప్పాలనిపించింది. పైగా అక్కడ మేం ఒంటరిగా లేము. థియేటర్ బయట ఒక్కో పేషెంటుకు పదిమంది. బావమరుదులు, మేనత్తలు, ఊరి సర్పంచ్. "పట్టండి" అంటే చాలు, ఎవరి పేషెంటని అడగకుండా చెయ్యేసేవాళ్లు. ఇక్కడ వరండా శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. మొన్న ఆపరేషనైన నల్గొండ డ్రైవరన్న కోసం బయట కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు. నిజమే, పొగ వచ్చినప్పుడు ఆ పదిమందే మెట్లు నింపేస్తారు. అది నాకూ తెలుసు. అయినా ఆ జనాన్ని అడ్డు అనడానికి నోరు రాదు.

రాత్రి పాలమూరులో నాతో చేసిన తమ్ముడికి ఫోన్ చేశాను.

"థియేటర్ వెనక రెండో తలుపు తీసే ఉంటుందా తమ్మీ?"

"ఏడ తీస్తరన్నా, సెలైన్ డబ్బాలు పెట్టిన్రు అడ్డం. తాళంచెవి మేనేజర్ సార్ కాడుంటది. డ్యూటీ దిగినంక ఇంటికి తీస్కపోతడు."

ఆ డబ్బాలు జరపడానికి ఇద్దరు మనుషులు, పది నిమిషాలు చాలు. లోపలివైపు తాళం తీసి గడియ పెట్టుకుంటే దొంగల భయమూ ఉండదు. సార్‌ను నేరుగా అడగమన్నాను. "నువ్వే ఓసారి మాట్లాడరాదన్నా, నీ మాటైతే వింటడు" అన్నాడు. శుక్రవారం సెలవు, ఆ రోజు చేస్తాను. అక్కడ ఎమర్జెన్సీ సిజేరియన్లు ఎక్కువగా పడేది రాత్రిపూటే, తాళంచెవి మేనేజర్ ఇంట్లో ఉన్నప్పుడే.